మరియొక చోట వ్రాయబడియున్నది

డిసెంబరు 31 రాత్రి చర్చి ఆరాధనలో, కొత్త ఏడాదికి వాగ్దానంగా ఒక బైబిలు వచనం తీసుకోవడం మాకు చిన్నప్పటినుంచీ అలవాటు. పన్నెండు దాటి, ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకున్నాక, పాస్టరు అయ్యగారు స్టీలు పళ్ళెంలో వచనాల కార్డులు బోర్లించి పట్టుకుంటారు. వరసలో వెళ్ళి ఒకటి తీసుకోవాలి. ఈసారి నాకొచ్చింది పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండము 28:13. "యెహోవా నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు." వెనక గులాబీ పువ్వు బొమ్మ. పక్కనున్నాయన తొంగి చూసి "భలే వచ్చిందండీ మీకు" అన్నాడు, లాటరీ తగిలినట్టు. దాచడం దేనికి, నాకూ అలాగే అనిపించింది. ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు మీద అంటించాను.

అప్పటికి మా ప్రహరీ గోడ కట్టిన తాపీ మేస్త్రికి 5,800 రూపాయలు బాకీ. క్రిస్మస్‌కి ముందు శనివారమే బట్వాడా చెయ్యాల్సింది. "పండగ వెళ్ళాక రా మేస్త్రీ" అన్నాను. వచ్చాడు. "సోమవారం చూద్దాం" అన్నాను. డబ్బు లేక కాదు. బ్యాంకులో ఉంది, ఇన్సూరెన్సు కట్టాలని పక్కన పెట్టాను. గట్టిగా అడిగే మనిషి కాదతను. సిగరెట్ పెట్టె చింపి లోపలివైపు రాసుకున్న లెక్క జేబులోంచి తీసి, ఓసారి చూసుకుని, మళ్ళీ మడిచి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రాత్రి కుటుంబ ప్రార్థనలో మేం వరసగా రోజుకో అధ్యాయం చదువుతాం. జనవరి మొదటి వారానికి మా వరస ద్వితీయోపదేశకాండంలో ఉంది. 24వ అధ్యాయం మా అమ్మాయి వంతు. దానికి గ్రాంథికం నోరు తిరగదు. ముఖ్యంగా "మొఱ్ఱ" దగ్గర ఆగిపోతుంది, ఆ బండి ఱ బైబిల్లో తప్ప దానికి ఇంకెక్కడా తగలదు మరి. అది అలా కూడబలుక్కుంటూ చదవడం వల్లే కాబోలు, 15వ వచనం నాకు ఒక్కో మాటా విడివిడిగా వినిపించింది. "ఏనాటి కూలి ఆనాడియ్యవలెను. సూర్యుడు అస్తమింపకమునుపు వానికియ్యవలెను. వాడు బీదవాడు గనుక దానిమీద ఆశ పెట్టుకొనియుండును." ఆ వెంటనే మొఱ్ఱ. వాడు నిన్నుబట్టి యెహోవాకు మొఱ్ఱపెడతాడేమో, అది నీకు పాపమవుతుందని. పిల్ల తడబడి, సర్దుకుని, తర్వాతి వచనంలోకి వెళ్ళిపోయింది. మా ఆవిడ తలెత్తలేదు. అధ్యాయం అయ్యాక అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను.

పడుకున్నాక నాలో వకీలు లేచాడు. అది మోషే ధర్మశాస్త్రం, ఇశ్రాయేలీయులకు ఇచ్చింది, మనం క్రీస్తు కృప కింద ఉన్నవాళ్ళం. వాదన బానే ఉంది, అయ్యగారి నోట ఎన్నోసార్లు విన్నదే. మంచినీళ్ళ కోసం లేచి వంటింట్లోకి వెళ్తే ఫ్రిజ్ మీద కార్డు. అదీ ద్వితీయోపదేశకాండమే. ఇశ్రాయేలుకి ఇచ్చిన 28వ అధ్యాయాన్ని నా ఇంటిపేరు రాసుకుని మరీ పుచ్చుకున్నాను. నాలుగు అధ్యాయాల ముందున్న కూలివాడి సంగతి మాత్రం ఇశ్రాయేలుకే వదిలేశాను. బైబిలు తీసి ఆ 13వ వచనం మొత్తం చూస్తే, తల, తోక మాటలకు ముందు ఆజ్ఞలను విని, వాటిని గైకొంటే అనే షరతు ఉంది. కార్డులో దానికి చోటు లేదు. గులాబీ పువ్వుకి ఉంది.

మత్తయి 4వ అధ్యాయం గుర్తొచ్చింది. దేవాలయ శిఖరం మీద, కిందికి దూకమంటూ సాతాను యేసు ప్రభువుకి చూపించింది కూడా ఒక వాగ్దానమే. మనం గుమ్మాల మీదా ఆటోల వెనకా రాసుకునే 91వ కీర్తనలోదే, దూతలు నిన్ను చేతులతో ఎత్తుకుంటారని. అతనూ మొత్తం చెప్పలేదు. "నీ మార్గములన్నిటిలో" అన్న మాట కీర్తనలో ఉంది, సాతాను నోట లేదు. ఆ వచనం అబద్ధమని గానీ, ఆ కాలానికి చెల్లిందని గానీ ప్రభువు అనలేదు. "మరియొక చోట వ్రాయబడియున్నది" అన్నాడు. ఆ మరియొక చోటు ద్వితీయోపదేశకాండము 6:16, దేవుణ్ణి శోధించకూడదని. సాతాను పెట్టిన మిగతా రెండు శోధనలకు ఇచ్చిన జవాబులూ ఆ గ్రంథంలోవే, 8:3, 6:13. నలభై రోజుల ఆకలి మీద ఉన్నవాడు ఆ మాటలకు లోబడి నిలబడ్డాడు. నేను భోంచేసి పడుకుని వాటిని తప్పించుకునే దారి వెతుకుతున్నాను.

పోనీ కొత్త నిబంధనలోకి పారిపోదామా అంటే అక్కడ యాకోబు 5:4 కాచుకుని ఉంది, బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని. ద్వితీయోపదేశకాండంలో కూలివాడు మొఱ్ఱపెడతాడు. యాకోబు పత్రికలో కూలే మొఱ్ఱపెడుతోంది.

లేఖనాల అధికారం అనగానే మనవాళ్ళకు వాదనలు గుర్తొస్తాయి. ఎవరో బైబిల్లో తప్పుందంటే యూట్యూబులో గంటసేపు జవాబు చెప్పడం. చెప్పాల్సిందే, కాదనను. కానీ నా విశ్వాసం మీద ఇంతవరకూ ఏ నాస్తికుడూ చెయ్యని దాడి ఒక సిగరెట్ పెట్టె ముక్క చేసింది.

పాత నిబంధనలోనే రెండవ రాజులు 22వ అధ్యాయంలో యూదా రాజు యోషీయా కథ ఉంది. ఏలుబడిలో 18వ సంవత్సరం, వయసు 26. మందిరం పాడైందని బాగు చేయిస్తున్నాడు. వడ్రంగులకూ తాపీ పనివాళ్ళకూ డబ్బు ముట్టజెప్పమని తన శాస్త్రి షాఫానును ప్రధాన యాజకుడైన హిల్కీయా దగ్గరికి పంపాడు. ఆ మరమ్మతుల వేళే ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. అది ద్వితీయోపదేశకాండమో, దానిలో ప్రధాన భాగమో అయి ఉంటుందని చాలామంది పండితులు అంటారు. షాఫాను తిరిగొచ్చి ముందు డబ్బు లెక్క అప్పజెప్పాడు, ఆ తర్వాత గ్రంథం సంగతి చెప్పి చదివి వినిపించాడు. రాజు బట్టలు చింపుకున్నాడు.

ఆదివారం స్కూల్లో ఈ కథ చెప్పినప్పుడల్లా పుస్తకం ఎలా పోయిందా అని ఆశ్చర్యపోయేవాళ్ళం. ఇప్పుడు నాకు ఆ ఆశ్చర్యం లేదు. మందిరం ఉంది, యాజకులు ఉన్నారు, గ్రంథం మాత్రం లోపల ఎక్కడో పడి ఉంది. మా ఇంట్లో నాలుగు బైబిళ్ళున్నాయి, ఫోన్లలోవి కాక. యోషీయా దగ్గర నేను ఆగేది ఇంకోచోట. చదివింది విన్నాక అతను షాఫానును పట్టుకుని ఇది మన కాలానికి వర్తిస్తుందా అని అడగలేదు. మన పితరులు ఈ మాటలు వినలేదు, అందుకే మనమీద కోపం రగులుకుందన్నాడు. తన సంగతి ఏమిటో యెహోవాను విచారించి రమ్మని మనుషుల్ని పంపాడు. రాజు కదా, కావాలనుకుంటే అతనికి వకీళ్ళు తక్కువా?

పొద్దున్నే మేస్త్రికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఏటీఎమ్‌లో డబ్బు తీసుకుని, అతను పని చేస్తున్న చోటు కనుక్కుని వెళ్ళాను. పరంజా మీదున్నాడు. నన్ను చూసి కంగారుగా దిగాడు, గోడకేమైనా అయిందేమోనని. చేతులు లుంగీకి తుడుచుకుని నోట్లు లెక్కపెట్టాడు. లెక్క అయ్యీ అవకముందే మాలు కలుపుతున్న ఆవిడని కేకేసి, అందులోంచి కొన్ని నోట్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. మా గోడకి ఇటుకలు అందించింది ఆవిడే. నేనెప్పుడూ పేరు అడగలేదు. ఆమె నావైపు చూడకుండా నోట్లు బొడ్లో దోపుకుని మళ్ళీ పార అందుకుంది.

"గోడకి నీళ్ళు కొడుతున్నారా సార్?" అనడిగాడు మేస్త్రి.

రెండ్రోజులు కొట్టి మానేశానని చెప్పాను.