డ్రాగన్స్‌ను మళ్లీ కట్టాలంటే పెనాల్టీ కార్నర్ దగ్గరే మొదలుపెట్టాలి

చెన్నై ఎగ్మోర్‌లోని మేయర్ రాధాకృష్ణన్ హాకీ స్టేడియానికి వచ్చే తెలుగువాళ్లలో హైదరాబాద్ తూఫాన్స్ అభిమానులకు లోటు లేదు. నా జట్టు మాత్రం తమిళనాడు డ్రాగన్సే. ఊరి జట్టు కావడం ఒక కారణమైతే, 2024 అక్టోబరు ఆటగాళ్ల వేలంలో వాళ్లు డబ్బు పెట్టిన తీరు ఇంకో కారణం.

హాకీ ఇండియా లీగ్ ఏడేళ్ల తర్వాత మళ్లీ మొదలైనప్పుడు పురుషుల జట్టు ఒక్కోదానికి 4 కోట్ల రూపాయల పర్సు (ఆటగాళ్ల కొనుగోలుకు పరిమితి) ఇచ్చారు. అందులోనే 24 మందిని కొనాలి. వాళ్లలో 16 మంది భారతీయులు (నలుగురు జూనియర్లు తప్పనిసరి), 8 మంది విదేశీయులు. డ్రాగన్స్ డచ్ డ్రాగ్ ఫ్లికర్ (పెనాల్టీ కార్నర్‌లో బంతిని కర్రతో ఈడ్చి గోల్‌లోకి విసిరేవాడు) యిప్ యాన్సెన్‌కు 54 లక్షలు, భారత డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కు 48 లక్షలు, ఐర్లండ్ గోల్‌కీపర్ డేవిడ్ హార్ట్‌కు 32 లక్షలు పెట్టింది. ముగ్గురికే 1.34 కోట్లు, అంటే పర్సులో మూడో వంతు. మిగతా 21 మందికి మిగిలింది 2.66 కోట్లు, తలకు పన్నెండున్నర లక్షల పైచిలుకు. ఫార్వర్డ్‌ల మీద పెట్టాల్సిందని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను.

రోహిదాస్ విలువ గోల్స్ లెక్కలో కనిపించదు. గోల్ ముందున్న సర్కిల్‌లో డిఫెన్స్ తప్పు చేస్తే ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నర్ వస్తుంది: బంతిని బ్యాక్‌లైన్ నుంచి బయటికి తోసి (ఇదే ఇంజెక్షన్), ఆపి, గోల్ వైపు కొడతారు. దాన్ని ఆపడానికి కీపర్‌తో కలిపి ఐదుగురే ఉంటారు. అందులో ఫస్ట్ రషర్ (రోహిదాస్ చేసేది ఈ పనే) గోల్ లైన్ నుంచి నేరుగా ఫ్లికర్ మీదికి దూసుకెళ్లి, ఒక వైపు కోణాన్ని మూసేస్తాడు. రెండో వైపు కీపర్ చూసుకుంటాడు. ఫ్లికర్‌కు అయిదు మీటర్ల లోపున్న రషర్‌కు మొదటి షాట్ మోకాలి కింద తగిలితే మళ్లీ పెనాల్టీ కార్నరే. మోకాలికి గానీ ఆ పైన గానీ తగిలితే షాట్ ప్రమాదకరమని డిఫెన్స్‌కు ఫ్రీ హిట్. అందుకే ఆ పనికి కాళ్ల వేగం ఎంత కావాలో గుండె ధైర్యమూ అంతే కావాలి. తొందరపడి ఇంజెక్షన్‌కు ముందే లైన్ దాటితే ఆ ఆటగాడు సెంటర్ లైన్ అవతలికి పోవాలి, బదులు ఎవరూ రారు, నలుగురితోనే కాచుకోవాలి. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో జర్మనీపై రోహిదాస్ సస్పెన్షన్‌లో ఉన్నాడు. భారత్ 2-3తో ఓడింది, జర్మనీ డ్రాగ్ ఫ్లికర్ గోంజాలో పెయా ఫ్లిక్ కూడా గోలైంది. ఆ పెయానే తూఫాన్స్ 68 లక్షలకు కొనుక్కుంది.

ఇక మన డ్రాగన్స్‌కు వచ్చే కార్నర్ల సంగతి. కార్నర్ ఇచ్చిన క్షణం నుంచి అది ముగిసేదాకా ఆటగాళ్లను మార్చడానికి వీల్లేదు. యాన్సెన్ బెంచీ మీద ఊపిరి తీసుకుంటున్నప్పుడు కార్నర్ వస్తే 54 లక్షలూ బెంచీ మీదే ఉన్నట్టు. అందుకే బ్లేక్ గోవర్స్ లాంటి రెండో ఫ్లికర్ ఉండి తీరాలి, ఇద్దరూ ఒకేసారి బయటికి రాకుండా రొటేషన్ వేసుకోవాలి.

తొలి సీజన్లో జట్టు సెమీస్ దాకా వెళ్లింది. కప్పు బెంగాల్ టైగర్స్‌ది: ఫైనల్లో తూఫాన్స్‌పై 4-3, హ్యాట్రిక్ కొట్టింది డ్రాగ్ ఫ్లికర్ జుగ్‌రాజ్ సింగ్.

పునర్నిర్మాణంలో అసలు చిక్కు గోల్ దగ్గరుంది. హార్ట్ 1988లో పుట్టాడు. 2015, 2016లో ప్రపంచ ఉత్తమ కీపర్‌గా నిలిచిన మనిషే, కాదనను. కానీ విదేశీ కీపర్‌ను పెట్టుకుంటే విదేశీ చోట్లలో ఒకటి పోతుంది. నమ్మకమైన భారతీయ కీపర్ దొరికితే ఆ చోటు ఒక మిడ్‌ఫీల్డర్‌కు వస్తుంది. అరియలూరు కుర్రాడు కార్తి సెల్వం లాంటి ఫార్వర్డ్‌కు సర్కిల్‌లోకి బంతి అందించే మిడ్‌ఫీల్డ్ ఉంటేనే కార్నర్లు కూడా వస్తాయి. జూనియర్ కోటాలో ఒక చోటు తప్పకుండా కీపర్‌కు ఇచ్చి, రెండు సీజన్లు హార్ట్ పక్కన పెంచితే బాగుండేది.

వేలంలో ఎవరూ పట్టించుకోని పని ఇంజెక్టర్‌ది. గోల్‌పోస్టుకు కనీసం పది మీటర్ల దూరం నుంచి బ్యాక్‌లైన్ మీది బంతిని సర్కిల్ బయట దాన్ని ఆపడానికి నిలబడ్డ స్టాపర్‌కు నేల విడవకుండా తోయాలి. బంతి ఒక్క గెంతు గెంతితే స్టాపర్ కర్రకు సరిగ్గా అతకదు, ఆ లోపు రషర్ మీద పడిపోతాడు. సర్కిల్ లోపలే ఆగిపోతే బయటికి తీశాకే కొట్టాలి, ఇక ఫ్లిక్ ఆశ వదులుకోవాల్సిందే. ఈసారి కొనుగోళ్ల జాబితా వస్తే నేను ముందు వెతికేది ఫ్లికర్ పేరు కాదు, అతనికి బంతి తోసేవాడి పేరు.