సగం దీవి మీద నడిచే ప్రభుత్వం: మాంట్సెరాట్

కరీబియన్‌లోని బ్రిటిష్ పాలిత దీవి మాంట్సెరాట్ రాజధాని ఏదని అడిగితే రెండు జవాబులు చెప్పవలసి వస్తుంది. చట్టం ప్రకారం రాజధాని ప్లిమత్ పట్టణం. 1996 ఏప్రిల్‌లో చివరిసారి ఖాళీ చేయించిన నాటి నుంచి అక్కడ ఎవరూ కాపురం ఉండడం లేదు. మరుసటి ఏడు అగ్నిపర్వతం ఆ పట్టణాన్ని కాల్చి బూడిదతో కప్పేసింది. ప్రభుత్వ కార్యాలయాలన్నీ ఉత్తరాన ఉన్న బ్రేడ్స్‌కూ, దాని చుట్టుపక్కల గ్రామాలకూ చేరాయి. చిన్న చిన్న పాలిత ప్రాంతాల రాజ్యాంగాలు చదవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఒక ప్రభుత్వ నిర్మాణాన్ని నేల స్వభావం ఇంత సూటిగా మార్చిన చోటు నేను చదివినంతలో మరొకటి తగల్లేదు. ఆ సంబంధాన్ని వివరించడానికే ఈ వ్యాసం.

తూర్పు కరీబియన్‌లోని లీవార్డ్ దీవుల వరుసలో, ఆంటిగ్వాకు నైరుతిగా నలభై కిలోమీటర్లు దాటిన దూరంలో మాంట్సెరాట్ ఉంది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు, వెడల్పు 11 కిలోమీటర్లు, వైశాల్యం 102 చదరపు కిలోమీటర్లు. అట్లాంటిక్ అడుగున ఉన్న భూఫలకం కరీబియన్ ఫలకం కిందికి జారిపోతూ ఉండడం వల్ల పుట్టిన అగ్నిపర్వతాల వరుసలో ఇదీ ఒకటి కాబట్టి, దీవి మొత్తం అగ్నిపర్వతాలు పోగుచేసిన నేలే. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తున్నకొద్దీ కొండల వయసు తగ్గుతుంది. ఉత్తర కొసన ఉన్న సిల్వర్ హిల్స్ లక్షల ఏళ్ళ క్రితమే చల్లారి, వానలకూ గాలులకూ అరిగి, పొట్టిగా, పొడిగా మిగిలాయి. నడుమనున్న సెంటర్ హిల్స్ మీద దట్టమైన అడవి ఉంది. మాంట్సెరాట్ ఓరియోల్ అనే పసుపు-నలుపు పిట్టకు ప్రపంచం మొత్తం మీద ఈ దీవే నివాసం. దక్షిణాన ఉన్నవి సూఫ్రియేర్ హిల్స్. సారవంతమైన వాలు నేలలూ, ఎదురుగాలి తాకని పడమటి రేవూ దీవి దక్షిణ భాగంలోనే ఉండడం వల్ల పట్టణం, పొలాలు, ఆసుపత్రి, విమానాశ్రయం అన్నీ ఆ భాగంలోనే, అంటే వయసులో చిన్నదైన కొండ నీడలోనే పెరిగాయి. ఆ కొండకు అలవాటుగా నిప్పులు చిమ్మే చరిత్ర ఏదీ అక్కడివాళ్ళ జ్ఞాపకంలో లేదు. వేడినీటి బుగ్గలు, గంధకపు వాసన, అప్పుడప్పుడు భూకంపాలు మాత్రమే ఉండేవి.

1493లో రెండో యాత్రలో అటుగా వెళ్తూ కొలంబస్ ఈ దీవికి బార్సిలోనా సమీపంలోని ఒక మఠం పేరు పెట్టాడు, దిగలేదు. 1632లో సెయింట్ కిట్స్ నుంచి వచ్చిన ఐరిష్ కాథలిక్కులు మొదటి యూరోపియన్ నివాసాన్ని ఏర్పరిచారు. ఆ మూలాన్ని దీవి ఈనాటికీ ఇష్టంగా చెప్పుకుంటుంది. జెండాలోని కవచంలో వీణలాంటి ఐరిష్ వాద్యం పట్టుకున్న స్త్రీ ఉంటుంది, పాస్‌పోర్టు మీద ఐర్లండ్ చిహ్నమైన మూడాకుల ముద్ర పడుతుంది, రైలీ, ఫారెల్, మీడ్ వంటి ఇంటిపేర్లు వినిపిస్తాయి. పర్యాటక ప్రకటనలు ఇక్కడితో ఆగిపోతాయి గానీ, కథ ఇక్కడితో ఆగదు. వచ్చిన ఐరిష్ వారిలో కొందరు కూలీలుగా వచ్చినా, నిలదొక్కుకున్నవారు చెరకు తోటలు పెట్టి ఆఫ్రికన్ బానిసలను కొన్నారు. ఈ దీవి జనాభాలో అత్యధికులు ఆ బానిసల సంతతే. 1768లో యజమానులు ఐరిష్ వారి సెయింట్ పాట్రిక్ పండుగ విందులో మునిగి ఉంటారన్న లెక్కతో బానిసలు మార్చి 17న తిరుగుబాటుకు ఏర్పాటు చేసుకున్నారు. విషయం ముందే బయటపడి, నాయకులను ఉరితీశారు. ఇప్పుడు ఆ తేదీ ప్రభుత్వ సెలవు దినం. ఐరిష్ మూలాల పండుగ, ఐరిష్ యజమానుల మీద తిరుగుబాటును స్మరించే రోజు, రెండూ ఒకే తేదీన జరుపుకునే సమాజాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ పండుగకు పెట్టుకునే ఆకుపచ్చ టోపీల ఫోటోలు చాలవు.

1834లో బానిసత్వం రద్దయ్యాక చెరకు క్రమంగా వెనకబడింది. నిమ్మతోటలు, తర్వాత పత్తి కొంతకాలం ఆదుకున్నాయి. ఆపైన వలసలు మొదలయ్యాయి. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో విశ్రాంత జీవితానికి వచ్చిన ఉత్తర అమెరికన్ల విల్లాలు, 1979లో బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ కట్టిన రికార్డింగ్ స్టూడియో దీవికి కొత్త ఆదాయం తెచ్చాయి. 1989 సెప్టెంబరులో హ్యూగో తుపాను వచ్చి పది మందిని బలిగొని, దీవిలోని ఇళ్ళలో అత్యధిక భాగాన్ని దెబ్బతీసింది. స్టూడియో మళ్ళీ తెరుచుకోలేదు. మిగిలినదంతా మరమ్మతు చేసుకుని, ప్లిమత్‌లో కొత్త ప్రభుత్వ భవనాలు, ఆసుపత్రి సిద్ధం చేసుకుంటున్న సమయంలో, 1995 జులై 18న కొండ మేల్కొంది.

ఈ కొండ నుంచి వచ్చే లావా పారదు. అది చాలా చిక్కనిది కాబట్టి బిలం దగ్గరే గుమ్మటంగా పేరుకుంటుంది. గుమ్మటం ఏటవాలు పెరిగి కూలినప్పుడు వందల డిగ్రీల వేడితో వాయువు, బూడిద, బండరాళ్ళు కలిసి లోయల వెంట దూసుకొస్తాయి. వాటికంటే వేగంగా పరుగెత్తడం మనిషికి సాధ్యం కాదు. 1997 జూన్ 25న అలాంటి ప్రవాహం తూర్పు వైపు గ్రామాలను తుడిచిపెట్టి 19 మందిని చంపింది. వారు అప్పటికే నిషేధించిన ప్రాంతంలోకి వెళ్ళినవారు. ఎందుకు వెళ్ళారన్నది ముఖ్యమైన ప్రశ్న. ఉత్తరాన చర్చిల్లో, గుడారాల్లో నెలల తరబడి ఇరుక్కుని ఉన్న రైతులకు అక్కడ సాగుభూమి దొరకలేదు, పంట దక్షిణాన ఉంది. మరణాలపై జరిగిన న్యాయ విచారణలో స్థానిక, బ్రిటిష్ ప్రభుత్వాల వైఫల్యం మీద తీవ్రమైన విమర్శే వచ్చింది. ఆగస్టులో ప్లిమత్ వంతు వచ్చింది. అదే నెలలో ముఖ్యమంత్రి బర్ట్రాండ్ ఆస్బార్న్ నిరసనల మధ్య రాజీనామా చేశాడు. కొత్త ముఖ్యమంత్రి డేవిడ్ బ్రాండ్ట్ ఎక్కువ సహాయం కోరినప్పుడు, లండన్‌లోని అంతర్జాతీయ అభివృద్ధి మంత్రి క్లేర్ షార్ట్ వీళ్ళు రేపు బంగారు ఏనుగులు అడుగుతారన్న అర్థం వచ్చేలా మాట్లాడింది. పాతికేళ్ళు దాటినా దీవిలో ఆ మాటను ఎవరూ మరచిపోలేదు.

విస్ఫోటనానికి ముందు జనాభా పదకొండు వేలకు అటూఇటూగా ఉండేది. మూడింట రెండు వంతుల మంది వెళ్ళిపోయారు. బ్రిటన్ వెళ్ళడానికి ప్రభుత్వమే ప్రయాణ సహాయం చేసింది. ఆంటిగ్వాలో బంధువుల దగ్గర చేరినవారున్నారు. కొన్ని వందల మందికి అమెరికా తాత్కాలిక రక్షణ ఇచ్చింది. ఈ చివరి ఏర్పాటు ముగిసిన తీరు వింతగా ఉంటుంది. అగ్నిపర్వతం ఇప్పట్లో చల్లారే సూచన లేదు గనుక పరిస్థితిని తాత్కాలికం అనలేమని చెప్పి, 2005లో అమెరికా ఆ రక్షణను ఎత్తివేసింది. ఇంటికి వెళ్ళలేని కారణం మరీ బలంగా ఉన్నందువల్లే ఆశ్రయం పోయిందన్నమాట. 2002లో బ్రిటన్ తన విదేశీ భూభాగాల ప్రజలకు పూర్తి పౌరసత్వం ఇచ్చింది. ఆ చట్టం దీవివారికి దారి తెరిచింది, అదే దారిన యువకులు వెళ్ళిపోవడమూ తేలికైంది. 2023 జనాభా లెక్కల్లో తేలినది దాదాపు 4,400 మంది.

ప్రభుత్వ నిర్మాణం మీద కొండ ముద్ర ఇక్కడే కనిపిస్తుంది. అంతకుముందు దీవిని ఏడు నియోజకవర్గాలుగా విభజించి, ఒక్కో చోట నుంచి ఒక్కో సభ్యుణ్ణి ఎన్నుకునేవారు. వాటిలో దక్షిణాన ఉన్నవాటికి ఓటర్లే లేకుండా పోయారు. గీతలు మళ్ళీ గీయవచ్చు గానీ, ఏ గ్రామం రేపు నిషేధ ప్రాంతంలోకి వెళ్తుందో తెలియని చోట ఏ గీత నిలుస్తుంది? అందువల్ల 2001 ఎన్నికల నుంచి దీవి మొత్తాన్నీ ఒకే నియోజకవర్గంగా చేశారు. తొమ్మిది స్థానాలు, ప్రతి ఓటరుకూ తొమ్మిది ఓట్ల దాకా వేసే హక్కు. ఎక్కువ ఓట్లు వచ్చిన తొమ్మిది మంది సభ్యులవుతారు. అత్యవసరంగా వచ్చిన ఈ పద్ధతి శాశ్వతమైపోయింది. నాకు దీనిలో మంచీ చెడూ రెండూ కనిపిస్తున్నాయి. ఊరికొక నాయకుడు తన ఊరి రోడ్డు కోసం మాత్రమే పోట్లాడే స్థితి తగ్గుతుంది. అయితే ఒక గ్రామానికి నీళ్ళు రాకపోతే దానికి జవాబుదారీ ఫలానా సభ్యుడే అని చెప్పడానికి లేదు. ఇంకొక ఫలితం ఏమిటంటే, ఐదు స్థానాలు చాలు ప్రభుత్వం ఏర్పడడానికి. 2019లోనూ, 2024లోనూ గెలిచిన పార్టీకి దక్కినవి సరిగ్గా ఐదే. ఒక్క సభ్యుడు అలిగితే మెజారిటీ పోతుంది.

2010 నాటి రాజ్యాంగ ఉత్తర్వు 2011లో అమల్లోకి వచ్చి, ముఖ్యమంత్రి పదవిని ప్రీమియర్‌గా మార్చింది. మొదటి ప్రీమియర్ రూబెన్ మీడ్; పదేళ్ళ విరామం తర్వాత 2024 అక్టోబరు ఎన్నికల్లో ఆయనే తిరిగి వచ్చాడు. శాసనసభలో ఎన్నికైన తొమ్మిది మందితో పాటు అటార్నీ జనరల్, ఆర్థిక కార్యదర్శి హోదా రీత్యా కూర్చుంటారు. మంత్రివర్గంలో ప్రీమియర్, మరో ముగ్గురు మంత్రులు, ఆ ఇద్దరు అధికారులు ఉంటారు. సమావేశానికి అధ్యక్షత వహించేది మాత్రం రాజు తరఫున లండన్ నియమించే గవర్నర్. రక్షణ, విదేశీ వ్యవహారాలు, అంతర్గత భద్రతతో పాటు అంతర్జాతీయ ఆర్థిక సేవలు కూడా గవర్నర్ చేతిలోనే ఉన్నాయి. ఈ చివరిదానికి ఒక కారణం ఉంది. 1980లలో ఈ చిన్న దీవిలో, చాలావరకు కాగితం మీదే ఉన్న విదేశీ బ్యాంకులు వందల సంఖ్యలో నమోదయ్యాయి. కుంభకోణం బయటపడ్డాక వాటిలో అత్యధిక భాగం లైసెన్సులు రద్దు చేసి, 1989లో ఆ అధికారాన్ని స్థానిక మంత్రుల నుంచి తీసుకున్నారు. స్వాతంత్ర్యం గురించి గట్టిగా మాట్లాడుతూ వచ్చిన అప్పటి ముఖ్యమంత్రి జాన్ ఆస్బార్న్‌కు అది పెద్ద దెబ్బ. తుపాను, అగ్నిపర్వతం తర్వాత ఆ చర్చే వినిపించకుండా పోయింది. నేడు ప్రభుత్వ నడక ఖర్చులో సగానికి పైగా లండన్ భరిస్తోంది, బడ్జెట్‌పై ఏటా లండన్ అధికారులతో చర్చించాలి. కాగితం మీద కనిపించే స్వయంపాలన కంటే ఆచరణలో ఉన్నది తక్కువ అని నేను అనుకోవడానికి కారణం గవర్నర్ కాదు, ఈ బడ్జెట్ చర్చే.

అయినా ఈ దీవి చూపు లండన్ వైపు మాత్రమే లేదు. కరీబియన్ దేశాల కూటమి కారికామ్‌లో బ్రిటిష్ భూభాగాల నుంచి పూర్తి సభ్యత్వం ఉన్నది మాంట్సెరాట్ ఒక్కదానికే. కరెన్సీ తూర్పు కరీబియన్ డాలరు, 1976 నుంచి ఒక అమెరికన్ డాలరుకు 2.70 చొప్పున స్థిరంగా ఉంది. హైకోర్టు కూడా పొరుగు దీవులతో ఉమ్మడిదే. ఫుట్‌బాల్‌లో మాత్రం సొంత జట్టు ఉంది. 2002 ప్రపంచ కప్ ఫైనల్ జరిగిన రోజే, ప్రపంచ ర్యాంకింగ్‌లో అట్టడుగున ఉన్న రెండు జట్లు థింపూలో తలపడినప్పుడు, ఈ జట్టు భూటాన్ చేతిలో 4–0 తేడాతో ఓడింది.

శాసనసభ, గవర్నర్, లండన్ అందరి మీదా మరో అధికారం ఉందని నాకనిపిస్తుంది, అది మాంట్సెరాట్ అగ్నిపర్వత పరిశోధనాలయం. భూకంపాలు, వాయువులు, నేల ఉబ్బు కొలిచి వారు ఇచ్చే సలహాను బట్టి ప్రమాద స్థాయి 1 నుంచి 5 వరకు మారుతుంది. స్థాయిని బట్టి ఏ ప్రాంతంలోకి ఎవరు వెళ్ళవచ్చో చట్టబద్ధంగా నిర్ణయమవుతుంది. 2010 ఫిబ్రవరి 11న గుమ్మటం పెద్దయెత్తున కూలిన తర్వాత కొండ చాలావరకు నిశ్శబ్దంగా ఉంది గానీ, వాయువు ఇంకా వస్తూనే ఉంది. ప్లిమత్‌లోకి అనుమతితో, మార్గదర్శి వెంట వెళ్ళవచ్చు. అక్కడి పాత రేవు నుంచి ఎగుమతయ్యేది ఆ ఊరిని పూడ్చిన అగ్నిపర్వతపు ఇసుకే, నిర్మాణాల కోసం పొరుగు దీవులు దాన్ని కొంటున్నాయి.

ఉత్తరాన అంతా కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. తూర్పు తీరాన తొలి ముఖ్యమంత్రి విలియం బ్రాంబుల్ పేరున్న విమానాశ్రయం పోయాక, 2005లో జెరాల్డ్స్ అనే చోట కొండ తల చదును చేసి చిన్న విమానాశ్రయం కట్టారు. దానికి తర్వాత జాన్ ఆస్బార్న్ పేరు పెట్టారు. రన్‌వే దాదాపు 600 మీటర్లే కాబట్టి చిన్న విమానాలు మాత్రమే దిగగలవు. అందుకే లిటిల్ బే దగ్గర కడుతున్న రేవు మీద అందరి దృష్టీ ఉంది. కొత్త రాజధానిగా అనుకుంటున్నదీ ఆ చోటునే. భూగర్భపు వేడితో విద్యుత్తు తీయడానికి 2013లో బావులు తవ్వారు గానీ, ఆ కరెంటు కోసం దీవి ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఈ పనులు చేయడానికి చేతులు కావాలి. వెళ్ళిపోయినవారి పిల్లలు బ్రిటన్‌లో స్థిరపడిపోగా, గయానా, జమైకా, డొమినికన్ రిపబ్లిక్, హైతీల నుంచి వచ్చినవారు ఇళ్ళు కడుతున్నారు, దుకాణాలు నడుపుతున్నారు, వారి పిల్లలు అక్కడి బళ్ళలో చదువుతున్నారు. ఉత్తరాన జనం నిలవాలంటే వీరు ఉండాలి; తొమ్మిది మంది సభ్యులను ఎన్నుకునే జాబితాలో వీరికి ఎంత చోటు, ఎప్పుడు ఇవ్వాలన్నది రేవు నిర్మాణం కంటే కష్టమైన చర్చ అవుతుందని నా అంచనా.