ఫాయిల్ చుట్టిన సీసాలు

మా వంటింట్లో ఫాయిల్ రోల్ నెల కూడా రాదు. చపాతీలు చుట్టడానికి అమ్మ వాడేది కొంచెమే, మిగతాదంతా నా బ్యాగులో పడి ల్యాబ్‌కి వెళ్లిపోతుంది. మొన్న ఎంవీపీ కాలనీ రైతుబజార్ నుంచి వస్తూ ఇంకో రోల్ కొంటుంటే అమ్మ అడిగింది: "వెలుతురు తగిలితే నీ మందులు పాడైపోతాయా ఏంటే?"

"పాడవవమ్మా. తెరుచుకుంటాయి."

ఆ మాటతో మొదలుపెట్టి ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను.

నేను తయారుచేసేవాటిని కేజ్డ్ కాంపౌండ్లు అంటారు. పేరులో పంజరం ఉంది గానీ అణువు చుట్టూ ఊచలేమీ ఉండవు. తాళంచెవి పళ్లకు లక్క పూస్తే తాళంలో దూరదు కదా, అలాంటిదే. అణువులో పనిచేసే చోట ఒక చిన్న రసాయన ముక్కను అతికిస్తాం. అది ఉన్నంతసేపూ కణం ఆ అణువును గుర్తుపట్టదు. దాదాపు 350 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పడగానే ఆ అతుకు తెగిపోతుంది. అణువు అక్కడికక్కడే పనిలోకి దిగుతుంది.

నాకు బాగా ఇష్టమైన ప్రయోగం 1978 నాటిది. కప్లాన్, ఫోర్‌బుష్, హాఫ్‌మన్ అనే ముగ్గురు మనిషి ఎర్రరక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌ను ఖాళీ చేసి, పై పొరను మళ్లీ మూసుకునేలా చేశారు. ఇలాంటి ఖాళీ కణాలను ల్యాబుల్లో ఘోస్ట్‌లు అంటారు. వాటి లోపల లక్క పూసిన ఏటీపీని పెట్టారు. కణం పొరలో సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి తోసే పంపు ఒకటి ఉంటుంది, దానికి ఇంధనం ఏటీపీయే. కానీ ఈ ఏటీపీని పంపు ముట్టుకోలేదు. కాంతి పడ్డాక అదే ఏటీపీతో పంపు నడిచింది. మొదటిసారి ఆ పేపర్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏటీపీ మామూలుగా కణం పొర దాటి లోపలికి పోదు. అలాంటిదాన్ని ముందే లోపల కూర్చోబెట్టి, "ఇప్పుడు" అని బయటి నుంచి వెలుతురుతో చెప్పారు.

ఆ "ఇప్పుడు" కోసమే ఇంత కష్టం. మందును పిపెట్‌తో నేరుగా పోస్తే కుదరదా అని మా జూనియర్లు అడుగుతుంటారు. పోయవచ్చు. కానీ అది నీళ్లలో వ్యాపించి కణాన్ని చేరడానికి టైమ్ పడుతుంది. మెదడు కణాలు ఒకదానికొకటి గ్లుటమేట్‌తో కబురు పంపుకునేది మిల్లీ సెకన్లలో. మనం పోసింది మెల్లగా చేరేసరికి ఆ కబురును అందుకునే రిసెప్టర్లు దానికి అలవాటుపడి స్పందించడం మానేస్తాయి. ముందే చుట్టూ పరిచి ఉంచి ఒక్క మెరుపుతో విడుదల చేస్తే ఆ చిక్కు ఉండదు.

చోటు సంగతి ఇంకా గొప్పది. రాత్రి బీచ్ రోడ్డు నుంచి చూస్తే డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వెలుగు తిరుగుతూ దారిలో ఉన్న ప్రతిదాన్నీ తాకుతూ పోతుంది. మామూలు అతినీలలోహిత కాంతి కూడా అంతే, దారి పొడవునా ఉన్న అణువులన్నిటినీ తెరుస్తుంది. 2001లో మత్సుజాకి, ఎల్లిస్-డేవిస్, కసాయి బృందం 720 నానోమీటర్ల లేజర్ వాడింది. ఆ ఎరుపు కాంతిలో ఒక్క ఫోటాన్, అంటే ఒక్క కాంతి రేణువు, బలం అతుకు తెంచడానికి చాలదు, రెండు ఒకేసారి తగలాలి. అంత దట్టంగా ఫోటాన్లు ఉండేది లేజర్ కేంద్రీకరించిన బిందువు దగ్గర మాత్రమే. అలా న్యూరాన్ (మెదడు కణం) కొమ్మ మీద కబురు అందుకునే, మైక్రోమీటరు అటూఇటూ ఉండే ఒక్కొక్క మొటిమను విడివిడిగా తాకి చూశారు. పెద్ద మొటిమల్లో పనిచేసే రిసెప్టర్లు ఎక్కువని అలాగే తేలింది.

నేను చేస్తున్నదీ గ్లుటమేటే. ఈమధ్య మూడు వారాలు కష్టపడి చేసిన బ్యాచ్ ఒకటి పోయింది. రాత్రి ఆలస్యమై, ద్రావణం ఉన్న సీసాకు ఫాయిల్ చుట్టి బల్ల మీదే వదిలి వచ్చేశాను. ఆ బల్ల తూర్పు కిటికీ పక్కన ఉంటుంది. వైజాగ్‌లో సముద్రం మీంచి వచ్చే పొద్దుటి ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే. తొమ్మిదింటికి వెళ్లి చూస్తే సీసా మెడ దగ్గర ఫాయిల్ చిరిగి వేలెడంత సందు ఉంది. లేత పసుపు కాస్త ముదిరింది. ద్రావణంలో ఏమేం ఉన్నాయో విడదీసి గీత గీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పెడితే, ఉండకూడని చోట విడి గ్లుటమేట్ పీక్ నిటారుగా లేచింది. కొంచెమే కదా అని వాడేయడానికి లేదు. ఆ కొంచెమే మెరుపు పడకముందే రిసెప్టర్లను అలవాటుపరిచేస్తుంది. సీసా పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

అమ్మకు ఇదంతా చెబితే కాసేపు ఆలోచించి, "అంటే సింహాద్రి అప్పన్న చందనం లాగా అన్నమాట" అంది. నాకు ఒళ్లు జలదరించింది. ఏడాదంతా చందనం కింద ఉండి, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం. ఇన్నేళ్లుగా సెమినార్లలో ఇంత సూటిగా నేను చెప్పలేకపోయాను.

తేడా కూడా చెప్పాను. స్వామికి మళ్లీ చందనం పూస్తారు, నా అణువుకు ఒకసారి ఊడింది మళ్లీ అంటుకోదు. అప్పన్న మీంచి తీసిన చందనం భక్తులకు ప్రసాదం. ఇక్కడ ఊడిన ముక్క కణానికి హాని చేయవచ్చు. తొలినాళ్ల నైట్రోబెంజైల్ అతుకులు ఊడితే మిగిలేవి కణంలోని ప్రోటీన్లకు అంటుకుంటాయి, అందుకే వాటిని పట్టేసే థయోల్‌ను ద్రావణంలో కలుపుతారు. అందుకే ప్రతిసారీ మందు లేకుండా ఉత్త మెరుపుతో ఒక ప్రయోగం, ఊడిన ముక్కతో ఇంకొకటి చేయాలి. కణం స్పందించింది గ్లుటమేట్‌కా, వెలుతురు దెబ్బకా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఈ రెండూ చేయని ఫలితాన్ని నేను నమ్మను.

అమ్మ మాత్రం సీసా మెడ దగ్గరే ఆగిపోయింది. "పైపైన చుడితే చిరగక ఏమవుతుంది? ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు కట్టాలి" అని పాత హార్లిక్స్ సీసా తెచ్చి చేసి చూపించింది. మూత మీంచి రెండు పొరలు దించి, అంచు లోపలికి మడిచి, మెడ కింద బిగించింది.

నిన్న ఎర్ర బల్బు వెలుతురులో రెండో బ్యాచ్ తూచాను. 41 మిల్లీగ్రాములు వచ్చింది. వాసెన కట్టి, మెడకు రబ్బరు బ్యాండు వేసి, ఫ్రీజర్‌లో వెనక వరసలో పెట్టాను. పొద్దున్నే వెళ్లి అందులోంచి ఒక్క చుక్క హెచ్‌పీఎల్‌సీలో పెట్టాను. విడి గ్లుటమేట్ రావాల్సిన నిమిషం దాటిపోయింది, గీత చదునుగానే ఉంది.