ముందు కథ ముందే చూసేశాను: లాస్ట్ కాన్వాస్‌తో నా తంటాలు

ఇదంతా మా ఆఫీసు క్యాంటీన్‌లో మొదలైంది. నేనుండేది ఫ్రాన్స్‌లో, తులూజ్‌లో. ఊళ్ళో సగం మందిలాగే నాదీ విమానాల పనే. మా టీమ్‌లో ఒకాయన ఉన్నాడు. నలభై ఐదు దాటిన మనిషి, మీటింగుల్లో నవ్వగా ఎవరూ చూడలేదు. ఆయన తాళాల గుత్తికి బంగారు రంగు పీత బొమ్మ ఒకటి వేలాడుతుంటుంది. ఒకరోజు కాఫీ దగ్గర అడిగేశాను, ఇదేంటని.

"నా రాశి. చిన్నప్పుడు దీనివల్ల స్కూల్లో ఎంత పరువు పోయిందో నీకు తెలీదు" అన్నాడు.

అప్పుడు చెప్పాడు సెయింట్ సెయ్యా కథ. మసామి కురుమద 1986 నుంచి 1990 దాకా గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, 28 సంపుటాలు. తోయీ యానిమేషన్ వాళ్ళు దాన్ని 114 ఎపిసోడ్ల అనిమేగా, అంటే జపాన్ కార్టూన్ సిరీస్‌గా తీశారు. ఫ్రాన్స్‌లో 1988 నుంచి పిల్లల ప్రోగ్రామ్‌లో వేరే పేరుతో వచ్చేదట. గ్రీకు దేవత ఎథీనాను కాపాడే వీరులని సెయింట్లంటారు. ఒక్కొక్కరికీ ఒక నక్షత్రమండలం, దాని పేరుతో ఒక కవచం. అందరికంటే పైన పన్నెండు రాశులకీ పన్నెండు మంది గోల్డ్ సెయింట్లు. ఇంకేముంది, స్కూల్లో ప్రతి పిల్లాడూ తన రాశి వీరుడే. సింహం వాడు సింహం, ధనుస్సు వాడు విలుకాడు. పీత రాశి వీరుడు మాత్రం పచ్చి దుర్మార్గుడు. చంపినవాళ్ళ మొహాలు ఇంటి గోడలనిండా ఉంటాయి. యుద్ధం మధ్యలో వాడి కవచమే వాణ్ణి అసహ్యించుకుని ఊడి వెళ్ళిపోతుంది. "మూడేళ్ళు ఆటల్లో నేనే విలన్‌ని" అన్నాడాయన. ఆ బాధ ఇంకా పోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

నాదీ కర్కాటకమే అన్నాను. సంక్రాంతికి రెండు రోజుల ముందు పుట్టినదానివి కర్కాటకం ఎలా అవుతావని లెక్క తీశాడు. మాకు చంద్రుణ్ణి బట్టి రాశి, నాది పుష్యమి నక్షత్రం అని చెప్పడానికి నాకున్న ఫ్రెంచ్ అంతా ఖర్చయింది. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే నువ్వు లాస్ట్ కాన్వాస్ చూడాల్సిందే. మన పీతల పరువు నిలబెట్టింది అదే" అన్నాడు.

అది ముందు కథ, అంటే అసలు కథకి 243 ఏళ్ళ ముందు జరిగేది అన్న ముక్క కూడా చెప్పాడు. నేనే సరిగ్గా వినలేదు. ఆ వారాంతం ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. బయట వాన. అసలు సిరీస్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడకుండా నేరుగా దీన్ని మొదలుపెట్టాను.

కథ 18వ శతాబ్దంలో, ఇటలీలో ఒక అనాథాశ్రమంలో మొదలవుతుంది. ముగ్గురు పిల్లలు. టెన్మా దుడుకువాడు. అలోన్ బొమ్మలు గీస్తాడు. అతని చెల్లెలు సాషా. సాషా పువ్వులతో కంకణాలు అల్లి ముగ్గురూ విడిపోకూడదని ఇస్తుంది. తర్వాత ఆ పిల్ల ఎథీనా అవుతుంది, టెన్మా పెగాసస్ సెయింట్ అవుతాడు, చీమకి కూడా హాని చెయ్యని అలోన్ మృత్యులోకపు రాజు హేడిస్ అవుతాడు. అలోన్ బొమ్మ గీస్తే అందులో ఉన్నవాళ్ళు చచ్చిపోతారు. అతనికి మొదటి నుంచీ ఒకటే తపన, అసలైన ఎరుపు రంగు దొరకాలని. ఆ ఎరుపు కోసం అడవిలోకి వెళ్ళిన కుర్రాడు తిరిగొచ్చాక తన ఊరినే గీస్తాడు. కుంచె కాన్వాస్ మీద కదులుతుంటే అక్కడ ఊళ్ళో మనుషులు నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే కూలిపోతారు. అరుపుల్లేవు, రక్తం లేదు. నేను తింటున్న మ్యాగీ గిన్నె పక్కన పెట్టేశాను.

రెండు వారాంతాల్లో 26 ఎపిసోడ్లూ అయిపోయాయి. కథ మాత్రం అవలేదు.

అంటే మధ్యలో ఆగిపోయింది! అలోన్ ఆకాశంలో లోకమంతటినీ గీస్తున్నాడు, ఆ బొమ్మ పూర్తయితే అందరూ పోతారు, గోల్డ్ సెయింట్లు ఒక్కొక్కరే రాలిపోతున్నారు, ఇంతలో పాట వచ్చి పేర్లు పడిపోయాయి. తర్వాతి సీజన్ కోసం అరగంట వెతికాను. లేదు. టీఎంఎస్ అనే స్టూడియో వాళ్ళు దీన్ని టీవీకి కాకుండా నేరుగా డిస్కుల మీద విడుదల చేశారు, 2009లో 13, 2011లో 13. మూడో విడత తియ్యనేలేదు. సోమవారం పొద్దున్నే వెళ్ళి నిలదీస్తే మా పీత పెద్దమనిషి తాపీగా, "అవును, మాకందరికీ అదే గాయం. లైబ్రరీకి వెళ్ళు, మాంగా మొత్తం ఉంటుంది" అన్నాడు. ముందే చెప్పొచ్చుగా!

మాంగా గీసింది కురుమద కాదు, షియోరి తెషిరోగి అనే ఆవిడ. 2006 నుంచి 2011 దాకా వారపత్రికలో వచ్చింది, మొత్తం 25 సంపుటాలు. మా పేటలోని లైబ్రరీలో ఫ్రెంచ్ అనువాదం ఉంది. నా ఫ్రెంచ్ ఏమో కూరగాయల కొట్టు దాకా పనికొస్తుంది, అంతే. అయినా మొదటి సంపుటం నుంచే పట్టుకున్నాను. కుడి నుంచి ఎడమకి చదవాలి, ఒక చేత్తో పుస్తకం, రెండో చేత్తో ఫోన్‌లో నిఘంటువు. మొదటి పుస్తకానికి నాలుగు రోజులు పట్టింది.

ఫ్రెంచ్‌లో 'ఆమ్' అంటే ఆత్మ, 'ఆన్' అంటే గాడిద. రాతలో ఒక్క అక్షరమే తేడా. ఈ కథలో పీత రాశి వీరుడి పేరు మానిగోల్డో. చిన్నప్పుడు శవాల మధ్య కూర్చుని, గాలిలో తేలే ఆత్మల్ని చూసేవాడు. నేను క్యాంటీన్‌లో అందరి ముందూ, "పాపం, ఆ పిల్లాడి చుట్టూ ఎన్ని గాడిదలో" అన్నాను. మీటింగుల్లో నవ్వని మనిషి ఆ రోజు నవ్వాడు.

ఆ మానిగోల్డోనే ఆయన నాకు చూపించాలనుకున్నది. వీడూ నోటి దురుసు మనిషే, వీడి విద్యా శరీరం నుంచి ఆత్మని లాగేసేదే. కానీ ఆ శవాల మధ్య నుంచి తనని చెయ్యి పట్టుకుని తెచ్చిన గురువు సేజ్ పక్కన నిలబడి, సాక్షాత్తూ మృత్యుదేవుడు థానటాస్‌తో తలపడతాడు. మనుషులంటే చెత్త అని వెక్కిరించే దేవుడికి, ఆ చెత్తలోనే ఎంత పెద్ద లోకం ఉందో చూపించి మరీ పోతాడు. మీన రాశిదీ అదే వరస. అసలు కథలో గులాబీలతో చంపే అందగాడు దుర్మార్గుల పక్షం. ఇక్కడి అల్బాఫికాకి ఒంట్లో రక్తమే విషం, అందుకే ఎవరినీ దగ్గరికి రానివ్వడు. ఒక చిన్న ఊరిని కాపాడటానికి ఒంటరిగా చస్తాడు. పాత కథలో ఒక్క డైలాగు కూడా మార్చకుండా, దాని వెనక ఇంకో తరాన్ని నిలబెట్టి రెండు రాశుల పరువు కాపాడిందావిడ.

ఈ పీతల విద్య పేరులో జపనీయులు వాడే మాట కర్కాటకంలో కనిపించే ఒక నక్షత్ర గుంపుకి పాత చైనా పేరు. పోగుపడిన శవాల ఆవిరి అని దాని అర్థం. మసకగా పొగలా కనిపిస్తుందని అలా అన్నారేమో. మన పుష్యమి ఉండేదీ ఆ గుంపు పక్కనే. మనకేమో పుష్యమి అంటే ఏ మంచి పనికైనా పనికొచ్చే నక్షత్రం. అమ్మకి ఫోన్‌లో చెబితే, "వాళ్ళెవరో ఏదో అంటే నీకెందుకే, పడుకో" అంది.

నన్ను బాగా పట్టేసింది మాత్రం కన్యా రాశి వీరుడు. పేరు అస్మిత. ఆ పేరు చూసి ఉలిక్కిపడ్డాను, మా బ్యాచ్‌లో ఇద్దరు అస్మితలున్నారు. పతంజలి చెప్పిన అయిదు క్లేశాల్లో అవిద్య తర్వాత వచ్చేది అస్మిత, నేను అనే భావన. ఈయన గుడ్డివాడు, బుద్ధుడి పోలికలున్న మనిషి. హేడిస్ సైన్యం 108 మంది, చంపినా మళ్ళీ లేస్తుంటారు. మృత్యులోకంలో పెరిగే ఒక చెట్టు కాయలు 108 తెప్పించి, హిమాలయాల్లో కూర్చుని, తన ప్రాణమంతా వాటిలోకి పోసి జపమాల చేస్తాడు. ఇక ఆ సైనికుల్లో ఒక్కొక్కడు చచ్చినప్పుడల్లా ఒక్కో పూస రంగు మారుతుంది. మాల మిగులుతుంది, మనిషి మిగలడు. మా తాతయ్య జపమాల గుర్తొచ్చింది, మేరుపూస దగ్గరికి రాగానే మాలని వెనక్కి తిప్పే ఆయన బొటనవేలు.

మధ్యలో లైబ్రరీ వ్యవహారం వేరే తలనొప్పి. 14వ సంపుటం కంప్యూటర్‌లో ఉన్నట్టే చూపిస్తుంది, అరలో ఉండదు. మూడు శనివారాలు తిరిగాను. దాన్ని వదిలేసి 15కి వెళ్ళమని మా తమ్ముడి సలహా. "అక్కా, ఎలాగూ అందరూ చచ్చేవాళ్ళేగా" అన్నాడు గుంటూరు నుంచి. చివరికి అది పసిపిల్లల బొమ్మల పుస్తకాల బుట్టలో, ఒక ఏనుగు పుస్తకం కింద దొరికింది. దాన్ని తీసిచ్చినావిడ కవర్ మీది బొమ్మ చూసి, నన్ను చూసి ఏమీ అనలేదు.

అన్నీ మెచ్చుకోవడానికేం లేదు. టెన్మా నాకు చివరిదాకా ఎక్కలేదు, స్నేహితుడి పేరు అరవడం తప్ప పెద్దగా చేసేదేముంది. సగం దాటాక వరస కూడా తెలిసిపోతుంది. ఒక గోల్డ్ సెయింట్ చిన్ననాటి జ్ఞాపకం మొదలైందంటే ఆ సంపుటంలోనే అతని పని అయిపోతుందని లెక్క. ఇదే యుద్ధాన్ని కురుమద తానుగా వేరే మాంగాలో గీశాడు, రెండింటికీ చాలా చోట్ల పొంతన లేదు. ఏది అసలుది అని అభిమానులు కొట్టుకుంటారట. ఊరికో రామాయణం విని పెరిగినదాన్ని, నాకది గొడవగానే అనిపించలేదు.

25వ సంపుటం మార్చిలో పూర్తయింది. అలోన్ సంగతి ఇక్కడ చెప్పను, అనిమేతో ఆగినవాళ్ళకి తెలియని పెద్ద ముడి అక్కడే ఉంది. మొత్తానికి ఆ యుద్ధంలో పన్నెండు మంది గోల్డ్ సెయింట్లలో మిగిలేది ఇద్దరే. మేషం షియోన్, తుల డోకో. ఇద్దరికీ పద్దెనిమిదేళ్ళు. ఒకడు శిథిలాల మధ్య మళ్ళీ అంతా కట్టుకోవాలి, ఒకడు చైనాలో ఒక జలపాతం దగ్గర కూర్చుని శత్రువుల్ని బంధించిన ముద్రకి కాపలా కాయాలి. అలా 243 ఏళ్ళు.

అప్పుడు పాత సిరీస్ మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే చాలా నిదానం. పన్నెండు గంటల్లో పన్నెండు రాశుల వీరుల గృహాలు దాటాలని మెట్లెక్కుతూనే ఉంటారు, దెబ్బ తిని పడతారు, లేస్తారు, మళ్ళీ పడతారు. అంట్లు తోముకుంటూ చూసిన ఎపిసోడ్లు బోలెడు. అయితే మొదట్లోనే, డ్రాగన్ కుర్రాడు షిర్యూ కథలో, జలపాతం ముందు గొంగళి పురుగులా ముడుచుకుని కూర్చున్న చిన్న ముసలాయన కనిపిస్తాడు. గడ్డి టోపీ, చేతికర్ర. ఆయనే డోకో అని నాకు తెలుసు. 1986లో టీవీ ముందు కూర్చున్న పిల్లలెవరికీ తెలీదు. ఆయన మాట్లాడేది రెండు ముక్కలే, నేను మాత్రం ప్రతిసారీ గిన్నె కింద పెట్టి చూశాను.

ఆ తర్వాత హేడిస్ భాగం. 2002లో మొదలైన 13 ఎపిసోడ్లు. షియోన్ ఎప్పుడో హత్యకి గురయ్యాడు. హేడిస్ అతన్ని లేపి, మళ్ళీ పద్దెనిమిదేళ్ళ వయసిచ్చి, నల్ల కవచం తొడిగి ఎథీనా తల తెమ్మని పంపుతాడు. ఎదురొచ్చేది డోకో. ముసలి చర్మం పాము కుబుసంలా పగిలిపోయి లోపల్నుంచి అదే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. 243 ఏళ్ళు అతని గుండెకి 243 రోజులేనట. చచ్చినవాళ్ళ పేర్లు పదిమందివీ తెలిసిన లోకంలో మిగిలింది ఆ ఇద్దరే, ఆ ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెయ్యెత్తాలి. అదే విడతలో కన్యా రాశి షాకా చేతిలో ఒక జపమాల కనిపిస్తుంది, 108 పూసలు. అక్కడ ఆపి ఆ ఫ్రేమ్‌ని చాలాసేపు చూశాను. మాంగాలో ఆ మాల దారం ముడి పడుతున్నప్పుడు అక్కడున్నదాన్నే కదా నేను.

తప్పు వరసలో చూశావని మా పీత పెద్దమనిషి ఇప్పటికీ ఒప్పుకోడు. ముందు పాతది, తర్వాత కొత్తది, అదీ పద్ధతి అంటాడు. మా ఊరి పందిట్లో అభిమన్యుడి కథ చెప్పించుకునేవాళ్ళెవరూ అతను బయటికొస్తాడేమోనని కూర్చోరని చెప్పాను. అభిమన్యుడెవరు అన్నాడు. రెండు కాఫీలు పట్టింది.

తమ్ముడు మాత్రం పాతదే మొదలుపెట్టాడు. మొన్న రాత్రి అక్కడ ఒంటిగంటకి ఫోన్ చేశాడు. "అక్కా, ఆ జలపాతం దగ్గర కదలకుండా కూర్చుంటాడే, ఆ ముసలాయనకి పనేం లేదా?"

"చూడరా" అని పెట్టేశాను.