రోడ్డు మధ్యలో ఆపద వస్తే: క్రాసింగ్ గార్డు ముందే తేల్చుకోవాల్సినవి

అమెరికాలో పిల్లల దగ్గర స్థిరపడి, పని అనుమతి ఉన్న మన పెద్దవాళ్ళకి స్కూలు క్రాసింగ్ గార్డు ఉద్యోగం, అంటే బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించే పని, బాగా కుదురుతుంది. ఇంటికి దగ్గర, పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపు. న్యూజెర్సీ చట్టం ప్రకారం కొత్త గార్డుకి కనీసం 2 గంటల క్లాసు, 20 గంటల ఫీల్డ్ ట్రైనింగ్ ఇవ్వాలి. ఏదైనా జరిగితే మీ మూలమలుపులో ఎవరు ఏం చేస్తారన్నది ఆ 20 గంటల్లోనే అడిగి తేల్చుకోవాలి. ప్రమాదం జరిగాక ఆలోచించే వ్యవధి ఉండదు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా ఉన్న చిక్కు చూపుది. మన ఊళ్ళో రోడ్డు మీద అడుగు పెట్టగానే బండి కుడివైపు నుంచి వస్తుంది, అమెరికాలో ఎడమవైపు నుంచి. మామూలు రోజుల్లో ఎడమ చూడటం అలవాటవుతుంది గానీ, గాభరా పడినప్పుడు మెడ పాత అలవాటుకే తిరుగుతుంది. అందుకే పిల్లలతో కలిసి ప్రతిసారీ పైకి అంటూ చూడాలి: లెఫ్ట్, రైట్, మళ్ళీ లెఫ్ట్. అరుపు కూడా అంతే. కంగారులో నోట్లోంచి 'ఆగు' అనే వస్తుంది, అది ఆ పిల్లలకి అర్థం కాదు. 'స్టాప్! బ్యాక్ టు ది కర్బ్!' (ఆగండి, రోడ్డు పక్క గట్టు మీదికి వెనక్కి వెళ్ళండి) అన్న మాట ఇంట్లో గట్టిగా అని నోటికి పట్టించుకోవాలి.

గంటకి 25 మైళ్ళ వేగంతో వచ్చే కారు సెకనుకి దాదాపు 37 అడుగులు వస్తుంది. పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి సుమారు 85 అడుగులు కావాలి. క్రాస్‌వాక్ (రోడ్డు దాటే చారల చోటు) నుంచి 35 అంగలు వేసి, అక్కడున్న చెట్టునో మెయిల్‌బాక్సునో గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు దాటి లోపలికి వచ్చేసిన బండి మీ ప్యాడిల్ (చేత్తో పట్టుకునే స్టాప్ బోర్డు) చూసి ఆగుతుందని నమ్మొద్దు, దాన్ని పోనిచ్చి రోడ్డు మీదికి దిగండి. వానలో, మంచులో ఆ గుర్తు ఇంకా దూరం జరపాలి. ఒకే దిక్కుకి రెండు లేన్లున్న రోడ్డయితే మొదటి లేన్లో ఆగిన వ్యాను పక్క లేన్లో వచ్చే కారుని కప్పేస్తుంది. పిల్లల్ని పిలిచే ముందు ప్రతి లేన్లోనూ బండి చక్రాలు ఆగాయో లేదో చూడాలి. చలికాలంలో తరచుగా జరిగే పొరపాటు, వెస్ట్ (దూరానికి కనిపించే మెరిసే చొక్కా) మీద కోటు వేసుకోవడం. వెస్ట్ ఎప్పుడూ అన్నిటికంటే పైనే ఉండాలి.

ఇక పిల్లవాడికి కారు తగిలిందనుకుందాం. చూసేవాళ్ళెవరికైనా ముందు పరుగెత్తి ఎత్తుకోవాలనిపిస్తుంది. ఆ పని చేయకూడదు. ప్యాడిల్ కింద పడేస్తే వెనక వచ్చే బండికి ఆగాలని తెలియదు, మిగతా పిల్లలు రోడ్డు మీదే ఉంటారు. ప్యాడిల్ ఎత్తే ఉంచి, ముందు వాళ్ళని కర్బ్ మీదికి పంపాలి. తర్వాత ఆగిన కార్లలో ఒకరిని వేలితో చూపించి, 'యూ, ఇన్ ది బ్లూ జాకెట్, కాల్ 911' అనాలి (911 అక్కడి అత్యవసర ఫోన్ నంబరు). అందరినీ ఉద్దేశించి అరిస్తే ఎవరో చేస్తారులే అని ఎవరూ చెయ్యరు. దెబ్బ తిన్న బిడ్డని కదపొద్దు. మెడకో వెన్నుకో గాయమై ఉండొచ్చు. మంటల్లోనో, ఆగకుండా వచ్చే బండ్ల దారిలోనో ఉంటే తప్ప అక్కడే ఉంచాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి, మాటిమాటికీ ఎత్తి చూడొద్దు. ఊపిరి ఆడకపోతే 911 వాళ్ళే ఫోన్లో సీపీఆర్ (ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతి) చెప్పి చేయిస్తారు, వేగం నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు. తీరిక ఉన్నప్పుడే సీపీఆర్ క్లాసు చేసి ఉంచుకోవాలి.

911కి మీరే ఫోన్ చేస్తే మొదటి మాట చోటు: రెండు వీధుల పేర్లు, స్కూలు పేరు. లైను తెగిపోయినా అంబులెన్సు బయలుదేరగలదు. 'తెలుగు ఇంటర్‌ప్రెటర్' అని అడగొచ్చు, కానీ మనిషి లైన్లోకి రావడానికి సమయం పడుతుంది. అందుకే చోటు చెప్పే ఆ ఒక్క వాక్యం ఇంగ్లీషులో కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసి వెస్టు జేబులో పెట్టుకోవాలి. అదే కార్డు వెనక స్కూలు ఆఫీసు నంబరు, సూపర్‌వైజర్ నంబరు, మీరు వాడే మందుల పేర్లు. బండి ఆపకుండా పారిపోతే నంబరు ప్లేటు, రాష్ట్రం, రంగు, పోయిన దిక్కు వెంటనే రాసేయాలి. పెన్సిలే మేలు, చలికి పెన్ను సిరా గడ్డకడుతుంది.

సైరన్ వినిపిస్తే కొత్తగా ఎవరినీ దాటించొద్దు. మధ్యలో ఉన్నవాళ్ళని దగ్గరి కర్బ్‌కి చేర్చాలి. ఒక ఫైరింజన్ వెళ్ళాక రెండోది రావచ్చు, తొందరపడొద్దు. సిగ్నల్ లైట్లు పోతే ట్రాఫిక్ నడిపించడం పోలీసుల పని, మనది కాదు. కరెంటు తీగ తెగి పడితే పిల్లల్ని కనీసం 35 అడుగుల దూరంలో ఉంచాలి. ఉరుము వినిపిస్తే లోపలికి పంపాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా బయటికి వద్దు.

స్కూల్లో లాక్‌డౌన్ (లోపలో దగ్గర్లోనో ప్రమాదం ఉందని తలుపులు మూసేయడం) అయితే అలవాటు ప్రకారం పిల్లల్ని స్కూలు వైపు తోలడమే పెద్ద ప్రమాదం. వాళ్ళని వెనక్కి మళ్ళించి ఎక్కడికి తీసుకెళ్ళాలో, చర్చికా, లైబ్రరీకా, ముందే స్కూలుతో మాట్లాడి ఉండాలి. ఆ సంగతి గార్డుకి ఎవరు ఫోన్ చేసి చెప్తారో కూడా.

మన పెద్దవాళ్ళకి ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. కారు అద్దం మోచేతికి తగిలినా, మంచు మీద జారిపడినా 'ఏం కాలేదులే' అని ఇంటికి వెళ్ళిపోకండి. అదే రోజు సూపర్‌వైజర్‌కి రాతలో తెలియజేయాలి. ఆలస్యమైతే వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో తగిలిన దెబ్బకి వచ్చే పరిహారం) రావడం కష్టమవుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు తలకి దెబ్బ తగిలితే, బాగానే ఉన్నామనిపించినా ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోవాలి. లోపల రక్తస్రావం గంటల తర్వాత కూడా బయటపడొచ్చు.