బ్లాక్ సబ్బాత్ పాటల బరువు ఎక్కడిది?

హెవీ మెటల్ అంటే చెవులు చిల్లులు పడే మోత తప్ప మరేమీ కాదనుకునేవారు బ్లాక్ సబ్బాత్ బృందం తొలి ఆల్బమ్‌ను శబ్దం బాగా తగ్గించి వినాలని నా మనవి. మోత తగ్గినా పాటలోని బరువు మాత్రం తగ్గదు.

ఆ బరువులో కొంత ఒక ప్రమాదం వల్ల వచ్చింది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కర్మాగారాల ఊరు. అక్కడ ఇనుపరేకుల పనిలో ఉన్న టోనీ ఐయోమీ, అంటే ఈ బృందపు గిటారిస్టు, పదిహేడేళ్ల వయసులో, ఉద్యోగం మానుకునే చివరి రోజునే యంత్రం కింద చెయ్యి పడి, కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతివాటం వాడు కనుక గిటారు తీగలను అదిమిపట్టవలసిన చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, వాటిపై తోలుముక్కలు అంటించి, సన్నని తీగలు బిగించి వాయించడం మొదలుపెట్టాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి కొన్ని పాటల్లో శ్రుతిని ఏకంగా మూడు స్వరస్థానాలు కిందికి దించాడు. తీగ వదులైతే వేలికి శ్రమ తగ్గుతుంది, నాదం మందమవుతుంది.

1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు విడుదలైన తొలి ఆల్బమ్ వాన చప్పుడుతో, గంట మోతతో మొదలవుతుంది. తర్వాత వినిపించేవి ప్రధానంగా మూడు స్వరాలు: మన లెక్కలో షడ్జమం, పై షడ్జమం, వాటి నడుమనున్న ప్రతి మధ్యమం. పాశ్చాత్యులు ఈ అంతరానికి దయ్యం పేరు పెట్టారు. మన కల్యాణి రాగంలో ఇదే మధ్యమం ఎంతో ప్రసన్నంగా వినిపిస్తుంది కదా అని సంగీతం తెలిసినవారు అడగవచ్చు. అక్కడ దానిని గాంధార పంచమాల పొందికలో వింటాం. ఇక్కడ ఐయోమీ పై షడ్జమం నుంచి నెమ్మదిగా, నేరుగా దాని మీదికి దిగి, అక్కడే నిలబడిపోతాడు.

అయితే నా దృష్టిలో ఈ బృందానికి ప్రాణం డ్రమ్మర్ బిల్ వార్డ్. జీన్ క్రూపా వంటి జాజ్ వాద్యకారులను విని పెరిగినవాడు కనుక, ఎంత బరువైన రిఫ్ (పదేపదే తిరిగివచ్చే గిటారు వరుస) కిందనైనా ఆయన లయ ఊగుతూనే ఉంటుంది. ‘వార్ పిగ్స్’ మొదట్లో గిటారు రెండు దెబ్బలు కొట్టి ఆగిపోగా, గాయకుడు ఆజీ ఆస్బర్న్ గొంతుకు తోడుగా హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) ఒక్కటే కాలం లెక్కపెడుతుంది. బేస్ గిటారు వాయించే గీజర్ బట్లర్ రాసిన ఆ యుద్ధ వ్యతిరేక గీతంలో ఉత్కంఠ అంతా ఆ ఖాళీలోనే ఉంది.

ఆనాటి విమర్శకులు చాలామంది వీరిని తీసిపారేశారు. తర్వాతి తరం సంగీతకారులు మాత్రం ఆ మాట చెవిన పెట్టలేదు. 2006లో వీరిని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆహ్వానించినది మెటాలికా. సియాటిల్‌కు చెందిన సౌండ్‌గార్డెన్ ఆ మందనాదాన్ని స్వీకరించింది. స్లీప్ వంటి బృందాలు ఆ నిదానాన్నే ఒక శైలిగా మలచుకున్నాయి. రిఫ్‌నూ శ్రుతినీ తీసుకున్నవారు ఎందరో ఉన్నారు కానీ, వార్డ్ ఊపును అందుకున్నవారు నాకు అరుదుగానే కనిపిస్తారు. బ్లాక్ సబ్బాత్ వారే 2013లో వార్డ్ లేకుండా, బ్రాడ్ విల్క్ డ్రమ్స్‌తో ‘13’ అనే ఆల్బమ్ చేశారు. విల్క్ సమర్థుడే, రిఫ్‌లూ పాత పద్ధతివే, అమ్మకాలకూ లోటు రాలేదు; కానీ లయ గడియారంలా సాగిపోతుంది, ఎక్కడా ఒళ్లు విరుచుకోదు. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ మైదానంలో జరిగిన వీడ్కోలు కచేరీకి, ఆజీ మరణానికి రెండున్నర వారాల ముందు, వార్డ్ తిరిగి వచ్చి మిగతా ముగ్గురితో కూర్చున్నాడు.