ఆబింగ్డన్ నుంచి బైబరీ దాకా: ఒక పాత కారు కోసం

ఇంగ్లాండ్‌లోని రీడింగ్ అనే ఊళ్లో ఉంటూ, సెలవు రోజుల్లో సరదాగా నడుపుకోవడానికి రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు కొనాలనుకున్న నాకు చివరికి నచ్చినది ఎం.జి. అనే బ్రిటిష్ కంపెనీ వారి ఎం.జి.బి. కారు. ట్రయంఫ్ టీఆర్6 అనే మరో కారులోని ఆరు సిలిండర్ల ఇంజిను కొంతకాలం ఊరించిన మాట నిజమే గాని, దాని ధర నాకు అందేది కాదు. ఎం.జి.బి.లు 1962 నుంచి 1980 వరకు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి కనుక విడిభాగాలకు కరువు లేదు. పైగా దాని 1798 సి.సి. ఇంజినూ, మన అంబాసిడర్‌లో చాలాకాలం ఉన్న 1489 సి.సి. ఇంజినూ ఒకే కుటుంబానికి చెందినవి.

ఈ కార్లు తయారైన ఆబింగ్డన్‌కు జూన్‌లో మా బావమరిదితో కలిసి వెళ్లాను. అక్కడ చూసినది క్రోం బంపర్లున్న 1971 నాటి ఎర్ర కారు, అద్దంలా మెరుస్తోంది. అయితే ఎం.జి.బి.కి విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) ఉండదు. తలుపుల కింద చక్రం నుంచి చక్రం దాకా సాగే సిల్స్ మీదే బండి పటుత్వం చాలావరకు ఆధారపడి ఉంటుంది. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని వాటి మీద జరిపి చూస్తే, వెనుక చక్రం దగ్గర అది అంటుకోకుండా జారిపోయింది. అంటే రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. తలుపు వెనుక సందు కూడా పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంది, అంటే బాడీ నడుమ కుంగిందన్నమాట. ఇంజినును ఎప్పుడైనా విప్పి బాగుచేయించుకోవచ్చు. తుప్పు తిన్న బాడీని బాగుచేయించడానికి మాత్రం కారు ధరకు మించి ఖర్చవుతుంది.

దాన్ని వదిలేసి అక్కడి నుంచి విట్నీకి వెళ్లాం. ఎం.జి.బి. బాడీలను నేటికీ కొత్తగా తయారుచేసే బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ ఉన్న ఊరది. మేము చూడబోయినది నల్ల రబ్బరు బంపర్లున్న 1978 నాటి పచ్చ కారు. అమెరికా నిబంధనల కోసం 1974 చివర్లో ఈ బంపర్లు తగిలించి, బండి ఎత్తు పెంచారు. అందుకే చాలామంది వీటిని చిన్నచూపు చూస్తారు. నా దృష్టిలో అది కొనేవాడి అదృష్టం. 1977 మోడల్ నుంచి ముందూ వెనుకా యాంటీ రోల్ బార్లు అనే ఉక్కు కడ్డీలు అమర్చడంతో మలుపుల్లో ఒరగడం తగ్గింది. సిల్స్ మార్చినప్పటి ఫోటోలూ రసీదులూ యజమాని చూపించారు. అయస్కాంతం అంతటా అంటుకుంది.

ఆ పచ్చ కారు టాప్ మడిచి, బర్‌ఫర్డ్ మీదుగా బైబరీ దాకా నేనే నడిపాను. స్టీరింగ్ నిలిచి ఉన్నప్పుడు బరువే గాని, కదిలాక రోడ్డు మీది ప్రతి గతుకునూ చేతికి తెలియజేస్తుంది. నాలుగో గేరులో, గేరు రాడ్డు తలపై ఉన్న మీట జరపగానే ఓవర్‌డ్రైవ్ (అదే వేగంలో ఇంజినును నెమ్మదిగా తిరగనిచ్చే అదనపు గేరు) పడి ఇంజిను హోరు తగ్గింది. గంటకు 50 మైళ్ల వేగంలోనే ఇంత హుషారు దొరుకుతుంటే అంతకు మించి తొందరపడాలనిపించలేదు.

టాప్ వెనుక ప్లాస్టిక్ కిటికీ పసుపెక్కి ఉండడం చూపి బావమరిది యజమానిని కొంత ధర తగ్గించడానికి ఒప్పించాడు. నలభై ఏళ్లు దాటిన కార్లకు ఇక్కడ ఏటా ఎం.ఓ.టి. అనే, బండి రోడ్డు మీద నడపడానికి తగినదేనా అని చూసే పరీక్ష తప్పనిసరి కాకపోయినా, అది చేయించాకే మిగతా సొమ్ము చెల్లిస్తానని చెప్పి బయానా ఇచ్చాను.